ఖాళీగా వదిలిన ముఖం

అంత అందగాడైన నేరస్థుణ్ణి నేను ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు.

సాగర్ ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పి, పక్కకు జరిగి చేతులు కట్టుకున్నాడు. తెర మీద పాతికేళ్ల మగవాడి ముఖం. కోటేరు ముక్కు, దువ్వి పెట్టిన మీసం, ఎడమ చెంప మీద చిన్న గాటు. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ఒక్క నిమిషం, రెబెకా మేడమ్! మా ఏఐకి పట్టింది ఒక్కటంటే ఒక్క నిమిషం. మీ ఆర్టిస్టు పొద్దున్నుంచీ ఆ అరుగు దిగలేదు."

"ఇంత మంచిగున్నడు, పెండ్లిచూపులకు పంపుదామా?" అన్నాను.

అతను నవ్వలేదు. నిజానికి నాకూ నవ్వు రాలేదు. ఆ ముఖం వల్ల ఒక మనిషి లాకప్పులో ఉన్నాడు.

మెట్‌పల్లిలోని ఈ పసుపు గోదాములో మొన్న మధ్యాహ్నం యజమాని హనుమండ్లు సేటును ఎవరో వెనక నుంచి తల మీద కొట్టారు. ఆయన కరీంనగర్ ఆసుపత్రిలో ఇంకా స్పృహ లేకుండా ఉన్నాడు. కొట్టినవాడు బయటికి పోతుంటే చూసింది ఒక్కతే, వాకిట్లో అరుగు మీద పసుపు ఏరుతున్న భూమవ్వ. పోలీసులు హైదరాబాద్ నుంచి ప్రైవేట్ డిటెక్టివ్ సాగర్‌ను పిలిపించుకున్నారు. అతను భూమవ్వ మాటలు ఏఐకి ఎక్కించి ఈ ముఖం పుట్టించాడు. తెల్లారేసరికి అది ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఉంది. మధ్యాహ్నానికి ఆ ముఖానికి సరిపోయే మనిషిని పట్టేసుకున్నారు. ఆటో నడిపే రాకేశ్. చెంప మీద గాటుతో సహా సరిపోయాడు. పైగా పోయిన వారమే సేటుతో వాకిట్లో గొడవపడ్డాడు. ఇంకేం కావాలి!

ఈ సాయంత్రం అతన్ని జగిత్యాల కోర్టులో పెడతారు. ఒకసారి రిమాండుకు పోయాడంటే అసలువాడి కోసం ఇక ఎవరూ వెతకరు. నిన్న రాకేశ్ తల్లి కనకవ్వ కరీంనగర్‌లోని నా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చోకుండానే ఒక్క మాట అన్నది.

"ఆ బొమ్మ మొన్న పుట్టింది బిడ్డా. నా కొడుకు దానికంటె ముందే పుట్టిండు."

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు మందమర్రికి ఫోన్ చేసి నవతను పిలిపించాను.

నవత కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తుంది. పుస్తకాల అట్టలు, సినిమా పోస్టర్లు, అప్పుడప్పుడు నా కేసులకు ముఖాలు. ఆమె వచ్చి చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? బొమ్మలు గీసే డిజిటల్ పలక తెరవలేదు. భూమవ్వను మొన్న కూర్చున్న చోటే కూర్చోబెట్టి, చేతికి అదే చాట ఇచ్చి, తను కూడా పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఆ దినం ఎట్ల కూసున్నవో అట్లనే కూసో అవ్వా. చాటల ఏముండె?"

"పసుపు కొమ్ములు బిడ్డా. గుండ్రంగున్న గోళ ఒక దిక్కు ఏస్తున్న."

"ఎండ యాడికి వచ్చింది?"

"గా గడప మీదికి."

అప్పుడు పలక బయటికి తీసింది. కుడిచేతికి చివరి రెండు వేళ్లకే ఉండే నల్ల గ్లౌజు తొడుక్కుంది, అరచేయి తెరకు తగిలి పిచ్చి గీతలు పడకుండా.

"అయ్యో, చెయ్యి కాలిందా బిడ్డా?" అంది భూమవ్వ.

"కాలలే అవ్వా, ఇది నా పనిముట్టు," అని నవత పకపకా నవ్వింది. ముసలామె బెరుకు సగం అక్కడే పోయింది.

నేను వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. నవత బొమ్మను పొరలు పొరలుగా గీస్తుంది. ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకలు అనుకోండి. అవ్వ ఖాయంగా చూశానన్నది నల్ల గీతతో ఒక పొరలో, చూశాననుకుంటా అన్నది లేత నీలంతో ఇంకో పొరలో. చూడనిది గీయదు. కాసేపటికోసారి బొమ్మను అద్దంలోలా అటుదిటు తిప్పి చూసుకుంటుంది, వంకర ఉంటే వెంటనే కంటికి తగులుతుందట. తుడుస్తుంది, మళ్లీ గీస్తుంది. పెన్ను ములికి ఒక వైపు పూర్తిగా అరిగిపోయి ఉంది.

"నువ్వు కూడా ఏఐ వాడుతవా?" అని అడిగాను.

"ఎందుకు వాడ అక్కా? రంగులు ఏది మంచిగుంటదో చూస్కునేటందుకు వాడుత. బ్యాక్‌గ్రౌండుల చెట్లు పుట్టలు కావాలంటె ఒక్క దమ్ముల ఇస్తది. గానీ మనిషి పాణం మీదికొచ్చే బొమ్మకు వాడ. దానికి ఖాళీ జాగ కనవడితె ఆగది, నింపుతది. నాకు తెల్వదని ఒక్కసారన్న అన్నదా అది?" కళ్లు పలక మీద నుంచి తీయకుండానే చెప్పింది. "మా బాపు బొగ్గుబాయిల దిగుతడు. నెత్తి మీది లైటు పడ్డంత మట్టుకే నమ్ముతడు. చీకట్ల ఏమున్నదో మనసుల ఊహించుకుని అడుగేస్తె పాణం పోతది. నాకు ఆయన నేర్పిన ఇద్దె అదే."

అప్పుడు నేను భూమవ్వ ముందు కూర్చున్నాను.

"అవ్వా, వాడు ఎట్లుండె?"

"పొడుగ్గుండె."

"మొఖం?"

"చూడలే."

"ఎండ గడప మీదనే ఉండె. ఆయన నీ ముంగటి నుంచే పోయిండు. చూడలేవా?"

"చూడలే అంటున్న గద బిడ్డా! కాళ్లు చూసిన. చేతులు చూసిన. గడప బయట వంగి చెప్పులు ఏసుకున్నడు. గంతే." ఇంకో మాట అడగబోయేలోగా వాకిట్లోకి కారు వచ్చి ఆగింది.

రాయమల్లు దిగాడు. సేటుకు కుడిభుజం, గోదాము పనులన్నీ చూసే మనిషి. పక్కన కుర్రాళ్లను గల్ఫ్ పంపే వీసాల పని కూడా ఉంది. అరవై దాటిన పెద్దమనిషి, తెల్లచొక్కా. మొన్న మధ్యాహ్నం కోరుట్ల బ్యాంకులో ఉన్నానని పోలీసులకు చెప్పాడు. అతను అరుగు దగ్గరికి వస్తూనే భూమవ్వ లేచి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి నిలబడింది. పొద్దున్నుంచీ పోలీసులు, డిటెక్టివులు, ప్రశ్నలు. పాపం బెదిరిపోయిందనుకున్నాను. మా అమ్మ మగ్దలేనమ్మ కూడా కష్టం వస్తే అలాగే తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెడుతుంది.

"మా తమ్ముని భార్యనే మేడం," అన్నాడు రాయమల్లు. "తమ్ముడు పోయినంక అన్ని నేనే చూస్కుంటున్న. జర భయస్తురాలు, పరేషాన్ చెయ్యకుండ్రి. బొమ్మ అయ్యిందా?"

"అయ్యింది అన్నా," అంది నవత. "మొఖం రాలే. కాళ్లు, చేతులు మంచిగొచ్చినయ్."

"కాళ్లా?" అని రాయమల్లు నవ్వాడు. "కాళ్లతోని ఏం చేస్తరు తల్లీ?"

"జగిత్యాలల వకీలుకు ఇయ్యాలె. గీసినదాన్ని నేనే సంతకం పెట్టాల్నట, కోర్టు టైముకు అందాలె."

"నేను సేటును చూసేటందుకు కరీంనగర్ పోతున్న. తొవ్వల దించుత, రా."

నవత బొమ్మను నా ఫోనుకు పంపి, పలక సంచిలో పెట్టుకుని గబగబా కారు వెనక సీట్లో ఎక్కేసింది. నేనే తలుపు వేశాను. జాగ్రత్త అని కూడా నేనే చెప్పాను. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు చెంపలూ వాయించుకోవాలనిపిస్తుంది.

కారు పోయాక తీరిగ్గా బొమ్మ తెరిచాను. సాగర్ నా భుజం మీదుగా తొంగిచూసి గట్టిగా నవ్వేశాడు.

బొమ్మలో ఒక మనిషి గడప బయట వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. కాళ్లు ఎంత బాగా కుదిరాయో! పాదాల నిండా, వేళ్ల సందుల్లో పసుపు పొడి. కుడికాలి చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. మెడ పైన మాత్రం తెల్లటి ఖాళీ.

"ముఖం గీయడం మర్చిపోయింది మీ ఆర్టిస్టు! దీన్ని పట్టుకుని ఎవర్ని వెతుకుతారు మేడమ్? ఊరందరి చెప్పులూ విప్పిస్తారా?"

"అవసరమైతె విప్పిస్త. ముందు నువ్వు బూట్లు విప్పు, లోపలికి పోదాం."

"బూట్లెందుకు?"

నేను జవాబు చెప్పేలోగా భూమవ్వ అరుగు మీద నుంచి కేకేసింది. "పసుపు మీద బూట్లతోని తొక్కుతరా కొడుకా! నిన్న పోలీసులు తొక్కిన పాపమే సాలు!"

నాకు అక్కడే మొదటి ఆధారం తగిలింది. గోదాము తలుపు బయట కూలీల చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల నేలంతా పసుపు పొడి. ఇక్కడ పనిచేసేవాళ్లు ఎవరూ చెప్పులతో లోపలికి పోరు. సరే. కానీ ఒక మనిషిని కొట్టడానికి వచ్చినవాడు, కొట్టి పారిపోయేవాడు, గడప దగ్గర ఆగి చెప్పులు విప్పి, పోతూ మళ్లీ తొడుక్కుంటాడా? ఆ అలవాటు రక్తంలో ఇంకిపోయినవాడైతేనే!

"సాగర్, బయటోడైతె చెప్పులతోనే లోపలికి ఉరికి వచ్చేటోడు. వీడు రోజూ ఈ గడప దాటేటోడు. రాకేశ్ వాకిట్ల బస్తాలు ఏసుకుని పోయేటోడు, లోపలికి వచ్చిందే లేదు."

"అది మీ ఊహ."

"ఊహలు పుట్టించేది నీ డబ్బా. నేను నేల చూస్త."

చూశాను. సేటు పడిపోయిన చోట పోలీసు బూట్ల ముద్రలు తప్ప ఏమీ మిగల్లేదు. కానీ కొట్టినవాడు వెనక నుంచి వచ్చాడంటే ఎక్కడో నక్కి ఉండాలి. బస్తాల దొంతికి, గోడకు మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు వేశాను. ఎవరూ తొక్కని పసుపు పొడిలో ఉత్తికాలి ముద్ర, అచ్చు పోసినట్టు. కుడికాలు. చిటికెనవేలి చోటు ఖాళీగా ఉంది, ఆ వేలు పక్కదాని మీదికి ఎక్కి ఉండబట్టి.

నవత బొమ్మను ముద్ర పక్కన పెట్టి సాగర్‌ను మెడ పట్టుకున్నంత పని చేసి వంచాను. అతను చూశాడు. ఆ ముఖంలో నవ్వు పోయింది.

కనకవ్వకు ఫోన్ చేశాను.

"నీ కొడుకు కుడికాలు చిటికెనేలు ఎట్లుంటది?"

"ఎట్లుంటది బిడ్డా? అందరి లెక్కనే ఉంటది. ఏమైంది, నా కొడుకును కాళ్ల మీద కొట్టిండ్రా?"

"లేదు లేదు. మంచిదే అయ్యింది. ఫికర్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసి సాగర్ వైపు తిరిగాను. అతను బస్తా మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు నా విచారణ అతని మీదే.

"అవ్వ నీకు ముక్కు గురించి ఏం చెప్పింది?"

"ముక్కు... ఏం చెప్పలేదు."

"మీసం?"

"లేదు."

"మరి గాటు? రాకేశ్‌ను పట్టిచ్చింది ఆ గాటే. అది యాడికెళ్లి వచ్చింది?"

అతను తెర మీద పైకీ కిందికీ వెతికాడు. తను ఏఐకి రాసిచ్చిన వాక్యం దొరికింది. దాన్ని చదువుతుంటే అతని గొంతు మెల్లగా పడిపోయింది. "తెలంగాణ పల్లె మనిషి, పొడుగు, క్రిమినల్..." ఆగాడు. "క్రిమినల్ అని రాశాను."

"నువ్వు క్రిమినల్ అన్నవ్, అది గాటు పెట్టి ఇచ్చింది. శభాష్! ఊళ్లె గాటున్నోడు దొరికిండు, లోపలేసిండ్రు."

"కానీ ఆమె ఒప్పుకుంది మేడమ్!" సాగర్ గట్టిగా అన్నాడు. "నేను ముఖం చూపించి ఇతనేనా అని అడిగాను. తల ఊపింది. ఎస్సై గారు సాక్ష్యం."

"ఊపిందా? ఎట్ల ఊపిందో చేసి చూపెట్టు."

సాగర్ తల కిందికి దించాడు. అలాగే ఉంచాడు. మళ్లీ పైకెత్తలేదు. నిజాయితీగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"అది ఊపుడా, వంచుడా?"

"వంచింది... అవును, వంచింది. కొంగు కూడా కప్పుకుంది. అది అవును అనే కదా?"

"అప్పుడు ఆ గదిల ఎవరెవరున్నరు?"

"నేను, ఎస్సై గారు. అప్పుడే టీ తెచ్చి రాయమల్లు లోపలికి వచ్చాడు."

భూమవ్వ పొద్దున పోలీసుల ముందు తలెత్తి మాట్లాడిన మనిషి. సాగర్‌ను బూట్లు విప్పమని కేకేసిన మనిషి. భయస్తురాలా ఈమె? పొద్దున్నుంచీ ఒక్కసారే, రాయమల్లు వచ్చినప్పుడే, కొంగు కప్పుకుని గోడకు తిరిగింది. అది ప్రార్థనా కాదు, బెదురూ కాదు. ఈ వైపు పల్లెల్లో పాతకాలం ఆడవాళ్లు మొగుడి అన్న ఎదురైతే తలెత్తరు, ముఖం చూడరు. కొంగు లాక్కుని పక్కకు తిరుగుతారు. చర్చి కాంపౌండులో పెరిగిన నాకు ఆ మర్యాద కళ్ల ముందే జరిగినా తెలియలేదు. పట్టపగలు, ఎండలో, నాలుగు బారల దూరంలో పోతున్న మనిషి ముఖం భూమవ్వ ఎందుకు చూడలేదు? చూడకూడని మనిషి కాబట్టి!

ఊరికే అనుకుంటే చాలదు. తేల్చుకోవాలి. నేను ఉరికి అరుగు మీదికి వచ్చాను. భూమవ్వ నా వైపే చూస్తూ చాట చెరుగుతోంది. నేను గేటు వైపు చూసి మామూలుగా అన్నాను.

"అగో, రాయమల్లు మళ్లొచ్చిండు."

చాట కింద పడింది. భూమవ్వ చేయి దానంతటదే కొంగు అందుకుంది. తల మీదికి లాక్కుని, గోడకు తిరిగి, నేలకేసి చూస్తూ నిలబడిపోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు.

"రాలే అవ్వా," అన్నాను మెల్లగా. "ఎవ్వరు రాలే. మొన్న కూడ ఇట్లనే నిలబడ్డవు గద?"

ఆమె గోడను పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఎట్ల చెప్పాలె బిడ్డా! ఆయన బీరువలనే నా కొడుకు పాస్‌పోర్టు ఉన్నది. ఊళ్లె పోరగాండ్లందరియి ఆడనే ఉన్నయ్. ఎవలియి వాళ్లకు ఇచ్చెయ్, లేకపోతె ఠాణల చెప్తనని సేటు లొల్లి వెట్టిండు. ఆయన పేరు చెప్తె నా కొడుకు బతుకు ఏంగావాలె? అబద్ధం చెప్పుడు కూడ నాతోని కాలే. అందుకే ఆ పిల్లకు కాళ్లు చెప్పిన. చూసినయే చెప్పిన."

"కాళ్లు ఎవరియో నీకు ఎరుకనే గద?"

"నలభై ఏండ్ల సంది ఆ కాళ్లే చూస్తున్న బిడ్డా. మొఖం ఎన్నడు చూడలే."

సాగర్ నా వెనకే నిలబడి అంతా విన్నాడు. తెల్లబోయిన ముఖంతో ఒక్క మాట అన్నాడు. "మేడమ్... నవత ఆయన కార్లోనే ఉంది."

ఆ తలుపు వేసిన చేయి నాదే. నవతకు ఫోన్ చేయబోయి ఆగాను. చేస్తే ఏం చెప్పను? ముందు సీట్లోనే ఆయన ఉంటాడు, ప్రతి మాటా వింటాడు. జగిత్యాల వకీలుకు చేశాను. నవత రాలేదంది. ఈ పాటికి చేరుకోవాల్సిన దూరమే.

"నీ కారు తియ్!" అని అరిచాను. సాగర్ అప్పటికే తాళాలు పట్టుకుని ఉరుకుతున్నాడు. ల్యాప్‌టాప్ బస్తా మీదే వదిలేశాడు. నేను ఎస్సైకి ఫోన్ కలిపి, రాయమల్లు పేరు, కారు నంబరు చెబుతూనే సీట్లో కూలబడ్డాను.

కారు గేటు దాటుతుండగా నా ఫోను టింగుమంది.

నవత. మాట లేదు, రాత లేదు. ఒక బొమ్మ. కదిలే బండిలో గీసింది కాబట్టి గీతలు అదురుతున్నాయి, కానీ చేయి ఆమెదే. ఎప్పుడూ గీస్తూ ఉండే పిల్ల కాబట్టి అతనికి అనుమానం వచ్చి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను.

బొమ్మ కింది మూలలో తెరిచిన కారు తలుపు, రోడ్డు మీద మోపిన కుడికాలు. ఎక్కడో బండి ఆపి దిగినప్పుడు చూసి ఉంటుంది. చిటికెనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. ఆ వేలి చుట్టూ నల్లగా, గట్టిగా రెండుసార్లు గీత తిప్పింది. ఆమెకు తెలిసిపోయింది.

కిటికీ ఉండాల్సిన చోట వంతెన రెయిలింగు, దాని కింద ఇసుక, ఇసుక మధ్యలో సన్నటి నీటి పాయ.

"గోదావరి!" అన్నాడు సాగర్, బ్రేకు తొక్కుతూ. "జగిత్యాల దారిలో గోదావరి వస్తుందా?"

"రాదు. బండి తిప్పు. వాడు ఆదిలాబాద్ అడవి దిక్కు పోతుండు."

టైర్లు కీచుమన్నాయి. నేను బొమ్మను పెద్దది చేసి పైభాగం చూశాను. అక్కడ డ్రైవరు ముందుండే చిన్న అద్దం. అద్దంలో రాయమల్లు ముఖం. నీలం గీత ఒక్కటీ లేదు. నుదురు, కనుబొమలు, బిగిసిన దవడ, అన్నీ నల్ల గీతలోనే. ఖాయంగా చూసింది మాత్రమే నల్లగా గీస్తుంది నవత.

ఆ అద్దంలోని కళ్లు రోడ్డును చూడటం లేదు. నేరుగా గీస్తున్న ఆమెనే చూస్తున్నాయి.